పద్నాలుగో గుంట

బోధన్
1964 జనవరి 12, ఆదివారం

అక్క హన్మవ్వకు లింబాద్రి నమస్కారాలు.

పొద్దున మంచు కురిసింది. పది గంటలకు విడిచింది. సైకిల్ చైన్‌కు నూనె వేశాను. వెనక బ్రేకు రబ్బర్లు మార్చాను.

ఇక్కడ చెరుకు కోతలు జోరు మీద ఉన్నాయి. ఏ మడి పండింది, ఏది ముందు కొట్టాలి అని తిరిగి చూసి చెప్పడమే చక్కెర ఫ్యాక్టరీ కామ్‌దార్ పని కాబట్టి వారమంతా సైకిల్ మీదే గడుస్తుంది. ఆదివారం సెలవు. సెలవునాడు కూడా సైకిలే ఎక్కుతానని బావ నవ్వుతాడని తెలుసు.

ఇవాళ కందకుర్తి పోయి వచ్చాను. కొంత దూరం కాలువ గట్టు మీదే. గట్టు మీద ఎత్తూ లేదు, పల్లమూ లేదు. నాలుగుసార్లు గట్టిగా తొక్కితే తర్వాత సైకిల్ దానంతట అదే పోతుంది. రెండు వైపులా చెరుకు, పైన ఆకాశం, అంతే. కందకుర్తి దగ్గర మంజీర వచ్చి గోదావరిలో కలుస్తుంది. ఇసుకలో ఒక పాత రాతి గుడి ఉంది. వరద వస్తే మునుగుతుంది, తీస్తే తేలుతుంది. గోడల మీద నీళ్ళు నిలిచిన చారలు ఉన్నాయి. వాటిని చూస్తూ కూర్చున్నాను. రొట్టె తిన్నాను. తిరిగి వచ్చాను.

దారిలో కాలువ లస్కర్ హన్మాండ్లు ఆపాడు. తూములు కాయడం, గట్టు మీద బండ్లు రాకుండా చూడడం ఆయన పని. "కామ్‌దార్ సాబ్, నౌకరి మీద పోతున్నవా, షికారుకు పోతున్నవా?" అన్నాడు. గుడి చూడడానికి అన్నాను. "మొక్కు ఉన్నదా?" లేదన్నాను. "మొక్కు లేకుంట గుడికి పోయెటోన్ని ఇప్పుడే సూస్తున్న" అని వదిలేశాడు.

బావకు నమస్కారాలు.

లింబాద్రి


వేల్పూర్
1964 జనవరి 30

తమ్ముడు లింబాద్రికి అక్క హన్మవ్వ దీవెనలు.

నీ ఉత్తరం అందింది. మీ బావకు చదివి వినిపించాను. "మంచు పడ్డది, నూనె ఏసిన, రొట్టె తిన్న. మీ తమ్ముడు ఉత్తరం రాసిండా, కూలోళ్ళ హాజరు రాసిండా?" అన్నాడు. నిన్ను వెనకేసుకొచ్చాను. కానీ లోపల నాకూ అట్లాగే అనిపించింది. రాత్రి బడికి పోయి అక్షరాలు నేర్చుకున్నది నీ ఉత్తరాలు చదువుకోవాలనే కదా. అందులో చైన్ నూనె తప్ప ఏమీ ఉండకపోతే ఎట్లా? ఆ గుడి ముందు కూర్చుని ఏమనుకున్నావో ఒక్క ముక్క రాస్తే నీ సొమ్మేం పోతుంది?

ఇక్కడ పసుపు తవ్వకాలు మొదలయ్యాయి. కాగితం మీద ఈ పచ్చటి వేలిముద్రలు నావే, ఏమనుకోకు.

మా మరిది పెండ్లాం ఈరవ్వకు మొన్న శుక్రవారం ఒడిబియ్యం పోశారు. కమ్మర్‌పల్లి నుంచి ఆమె అన్నలు బండి కట్టుకుని వచ్చి తీసుకుపోయారు. పుట్టింటి గడప లోపల కూర్చోబెట్టి, ఒడి నిండా పసుపు బియ్యం పోసి, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, కొత్త చీర పెట్టి పంపారు. ఆమె తిరిగొచ్చి ఆ బియ్యం వండి వాడకట్టంతా పిలిచి పెట్టింది. నేనూ తిన్నాను. వడ్డిస్తూ వడ్డిస్తూ, "అక్కా, నిన్నెప్పుడు పిలుస్తరు? మీ అవ్వ పోయినంక నీ ఒడి ఉత్తదే గద" అంది. నవ్వుతూనే అంది. నేను కూడా నవ్వుతూనే, "మా తమ్ముడు చెరుకు కోతలల్ల ఉన్నడు. తీరినంక పిలుస్తడు" అన్నాను.

నిన్ను అడుగుతున్నానని కాదు. పెండ్లి చేసుకోని మగవాడు ఒడిబియ్యం ఎట్లా పోస్తాడు, ఏ ఇంట్లో పోస్తాడు? నాకు తెలియదా? ఊరికే రాశాను.

నీ అక్క
హన్మవ్వ


బోధన్
1964 మార్చి 1, ఆదివారం

అక్కకు నమస్కారాలు.

ఎండ ముదిరింది. గది పైన జారిన పెంకులు సర్దాను.

నీవు అడగలేదని రాశావు. అడిగినట్టే నేను రాసుకున్నాను.

నా గది అద్దెది. గడప ఇంటాయనది. అక్కడ కూర్చోబెట్టి పోస్తే అది నీకు పుట్టిల్లు అవుతుందా అని చాలా రోజులు ఆలోచించాను. కాదు. మేనమామ ఇంట్లో పోద్దామంటే, మన కన్నతల్లి అవ్వ అక్కడ ఉన్నంత వరకే అది మన ఇల్లు.

ఇక మిగిలింది మనం పుట్టిన నాగలూరు. అది వదిలినప్పుడు నాకు మూడేళ్ళు. ఏమీ గుర్తు లేదు, బాపు ముఖం కూడా.

తహసీల్ కచేరీలో రాజనర్సు అని తెలిసిన గుమాస్తా ఉన్నాడు. పోయి అడిగాను. నక్షా తీసి చూపించాడు. మంజీర ఒడ్డున, మా చెరుకు మడులున్న వైపే, ఒక శివారుకు ఇప్పటికీ నాగలూరు అనే పేరు. దాని పక్కన ఉర్దూలో బేచిరాగ్ అని రాసి ఉంది. "అంటే చిరాగ్ లేదన్నట్టు. ఒక్క దీపం గూడ లేని ఊరు. నక్షల ఉంటది, నేల మీద ఉండది" అన్నాడు. ఇండ్లు ఏ చోట ఉండేవని అడిగితే, "గది దేవునికే తెల్వాలె. అంత చెరుకే గద ఇప్పుడు" అన్నాడు.

శివారు పెద్దది. నీకు గుర్తున్నది రాయి. ఊరి ముందు ఏముండేది? చెట్లు చెప్పకు, కొట్టేసి ఉంటారు. రాతిది ఏదైనా ఉంటే చెప్పు.

లింబాద్రి


వేల్పూర్
1964 మార్చి 15

తమ్ముడికి దీవెనలు.

నీ ఉత్తరం చదివి చాలాసేపు పొయ్యి ముందే కూర్చున్నాను. పసుపు అడుగంటిందని మీ బావ అరిచేదాకా లేవలేదు.

నాగలూరు పేరు ఇంకా కాగితం మీద ఉందా! నేను అవ్వతో పాటే పోయిందనుకున్నాను.

నాకప్పుడు ఏడేండ్లు. ఆ ఏడు వానలకు నీళ్ళు ఊరి చుట్టూ నిలిచి జ్వరాలు పట్టుకున్నాయి. బాపు పోయాడు. ఇంకా చాలామంది పోయారు. మిగిలినవాళ్ళు తలా ఒక దిక్కు లేచిపోయారు. అవ్వ నిన్ను చంకన వేసుకుని, నా చెయ్యి పట్టుకుని బయటికొచ్చింది. అంతకన్నా రాయను. బాగున్న రోజులదే రాస్తాను.

ఊరి ముందు రాతి ఏనుగు ఉండేది. ఎంత పెద్దదో చెప్పలేను తమ్మీ! దాని ముఖం చూడాలంటే మెడ వెనక్కి వంచాల్సి వచ్చేది. దాని మీద కూర్చోవాలంటే బాపు ఎత్తి కూర్చోబెట్టాలి. పైనుంచి చూస్తే ఏరు మొత్తం కనపడేది. ఏనుగు వెనక మెట్లు, మెట్ల మీద పడిపోయిన పాత గుడి. అది ఎవరు కట్టించారో అప్పటికే ఎవరికీ తెలియదు.

అంత ఏనుగు ఎక్కడికీ పోదు. దాన్ని చూస్తే ఊరిని చూసినట్టే.

మీ బావ అంటున్నాడు, "ఊరు లేని ఊరికి ఒడిబియ్యానికి పోవుడేంది?" అని. అన్నవాడే రాత్రి మంచి పసుపు కొమ్ములు ఏరి విడిగా ఒక డబ్బాలో పోసి పెట్టాడు.

హన్మవ్వ


బోధన్
1964 ఆగస్టు 2, ఆదివారం

అక్కకు నమస్కారాలు.

ముసురు. సైకిల్ బురద కడిగి చైన్‌కు నూనె వేశాను.

ఉత్తరం ఆలస్యమైంది. రాయడానికి ఏమీ దొరకలేదు.

ఎండాకాలం ఆదివారాలన్నీ నాగలూరు శివారులోనే తిరిగాను. గట్ల మీద, బండ్ల బాటల మీద, మడుల మధ్య కోతలవాళ్ళు చేసుకున్న దారుల మీద. ఏనుగు లేదు. నిజామాబాద్‌కు పని మీద పోయినప్పుడు ఖిల్లా గుట్ట ఎక్కి చూశాను, పాత రాళ్ళు ఎవరైనా తెచ్చి అక్కడ పెట్టారేమోనని. లేవు. డిచ్‌పల్లి గుట్ట మీది రామాలయానికి పోయాను. పాతకాలం పనివాళ్ళు ఏనుగును ఎంత ఎత్తు చెక్కేవారో చూద్దామని. అక్కడ గోడ మీద కనపడ్డ ఏనుగులు జానెడు. మనకు పనికిరావు. అయినా గుడి బాగుంది. వాన వచ్చేదాకా ఉన్నాను.

రైతులను అడిగాను. ఏనుగంత ఏనుగు ఉంటే ఎవరో ఒకరు చూసి ఉండాలి. ఎవరూ చూడలేదు. హన్మాండ్లుకు సంగతి తెలిసిపోయింది. దూరం నుంచే అరుస్తాడు: "కామ్‌దార్ సాబ్, ఏనుగు దొరికిందా? మెడల గంట కట్టకుంట ఇడిస్తివి, ఎట్ల దొరుకుతది?"

ఇప్పుడు చెరుకు మనిషిని దాటి పెరిగింది. గట్టు దిగితే ఏమీ కనపడదు. ఎప్పుడూ ఆగే చోటే కత్తిగుండుకు సైకిల్ ఆనించి, రొట్టె తిని వస్తున్నాను. కత్తిగుండు అంటే కోతలవాళ్ళు కత్తులు నూరుకునే నున్నటి గుండు. వెతకడానికి కోతల దాకా ఆగాలి.

లింబాద్రి


వేల్పూర్
1964 సెప్టెంబర్ 20

తమ్ముడికి దీవెనలు.

ఒక పిచ్చి పని చేశాను. ఇంకెవరి నోటో వినే ముందు నేనే చెబుతాను.

మొన్న బావి దగ్గర ఈరవ్వ, "అక్కా, చెరుకు కోతలు తీరె, మళ్ళ పెరుగవట్టె. పిలుపు ఇంకా వస్తనే ఉన్నదా?" అంది. పక్కన దేవవ్వ, పెంటవ్వ కిసుక్కున నవ్వారు. నా నోరు ఆగలేదు. "మా తమ్ముడు మా ఊరు దొరకవట్టిండు. మాఘంల రమ్మన్నడు" అన్నాను. "ఊరే లేదంటివి?" అంది. "ఊరు లేకున్నా ఏనుగు ఉన్నది. నిలవడే ఉన్నదట" అన్నాను. నీళ్ళ బిందె ఎత్తుకుని వచ్చేశాను.

మీ బావకు చెబితే, "దొరికితే మంచిదే. దొరకకుంటే అంగట్ల మట్టి ఏనుగును కొనిస్త. మెడ వంచి సూసుకో" అన్నాడు.

దొరకకపోతే పోయే పరువు నాది, నీది కాదు. నీవు మనసు చిన్నబుచ్చుకోవద్దు. ఎండలో, వానలో పడి తిరగొద్దు.

కానీ తమ్మీ, ఇది ఈరవ్వ కోసం కాదు. అవ్వ పోయి ఆరేండ్లయింది. అప్పటి నుంచి ఎవరింట్లో ఒడిబియ్యం పోసినా పిలుస్తారు, పోతాను, పోస్తాను, తింటాను. నా వెనక నీవున్నావని నాకు తెలుసు. ఒడికి తెలియదు.

హన్మవ్వ


బోధన్
1964 డిసెంబర్ 6, ఆదివారం

అక్కకు నమస్కారాలు.

చలి. దుప్పటి ఉతికి ఆరేశాను. చైన్‌కు నూనె వేశాను.

కోతలు మొదలయ్యాయి. నాగలూరు శివారులో ఏటి పక్క మడులు ముందే కొట్టించాను. పండిన మడులే. కానీ వేరే మడులు కూడా పండే ఉన్నాయి. ఇది నీకు మాత్రమే రాస్తున్నాను.

నేల బోడిగా అయింది. ఈ చివర నిలబడితే ఆ చివర కనపడుతుంది. ఏనుగు లేదు. కనుక ఈరవ్వకు నిజం చెప్పేయి. తప్పు నాదని చెప్పు. వేరే ఊరును చూసి మన ఊరనుకున్నానని చెప్పు. నాకేం కాదు.

రాయడానికి ఇంకేమీ లేదు. నూనె ఒక్కటే రాస్తానని నీవు దెప్పుతావు కాబట్టి ఇవాళ్టిది రాస్తాను. ఈసారి కోతలకు మరాఠీ దిక్కు నుంచి ఒక గుంపు వచ్చింది. రుక్మాబాయి అనే ఆమె పెద్ద. గట్టి మనిషి. మొగవాళ్ళు కూడా ఆమె మాట వింటారు. మధ్యాహ్నం కత్తిగుండు దగ్గర అన్నాలు తిన్నాక ఆడవాళ్ళు చింతగింజలతో ఓమనగుంటలు ఆడారు. గుండు పక్కన మట్టిలోంచి ఒక బండ అంచు తేలి ఉంది, దాని మీద ఎవరో గుంటలు తొలిచారు. ఒక వరసలో ఏడున్నాయి, ఒక వరసలో ఆరే ఉన్నాయి. బండ అక్కడికి అయిపోయింది. తొలిచినవాడు ముందు చూసుకోలేదు. రుక్మాబాయి, "ఇదేం ఆట రే బాబా, ఒక గుంట ఎవడు మింగిండు?" అని పక్కన నేల మీద గుంట తవ్వబోయింది. బండ అంచు అడ్డం వచ్చింది. విసుక్కుని లేచింది. అందరూ నవ్వారు.

బావకు నమస్కారాలు. ఈ సంగతి ఆయనకు నేనే విడిగా రాయమంటే రాస్తాను.

లింబాద్రి


వేల్పూర్
1964 డిసెంబర్ 11

తమ్మీ,

దీవెనలు తర్వాత. ఇది నోటితో అన్నట్టే రాస్తున్న, చెయ్యి ఆగుతలేదు.

ఏడు, ఆరా? మళ్ళ పోయి లెక్కవెట్టు. బండ అంచు ఇరిగింది కాదు గద? మొదలే అట్లున్నదా? అట్లుంటే అది మాదిరా! అవ్వదీ నాదీ! గుడి మెట్ల కింద బండ అది. అవ్వ దినాం పొద్దుమూకంగ బాపు కోసం ఎదురుసూసుకుంట ఆడ కూసుండి నాతోని ఓమనగుంటలు ఆడేది. పద్నాలుగో గుంట లేదు గద, అందుకని అవ్వ అరచెయ్యి చాపేది. ఆ వరసల చివరి గింజ అవ్వ చేతుల ఏసేదాన్ని. గెలిచేటట్టున్నప్పుడు అవ్వ పిడికిలి మూసేది, "గుంట పూడిపోయింది బిడ్డా" అని. నేను ఏడిస్తే తెరిచేది. ఇంత చిన్న ముచ్చట నీకెందుకు రాయాలె అనుకున్న. ఏనుగు రాసిన, ఇది రాయలేదు. నా తలకాయకు బుద్ధి లేదు.

ఇప్పుడు ఇను. మెట్ల బండ ఆడ ఉంటే ఏనుగు దాని పక్కకే ఉండాలె. చెయ్యి చాపితే తాకేది నాకు. నీ కత్తిగుండు ఉన్నది సూడు, సైకిల్ ఆనిచ్చేది, కత్తులు నూరేది. అది గుండేనా? కింద తవ్వి సూసినవా ఎప్పుడన్న? దానికి చెవులున్నయా సూడు.

నాకప్పుడు ఏడేండ్లు గదరా. ఏడేండ్ల పిల్లకు లేగదూడ గూడ ఏనుగే. ఎంత పెద్దదో అని నేనే రాసి నిన్ను ఏడాది తిప్పిన.

పోస్టు పెట్టెకు మీ బావ నడుచుకుంట పోతున్నడు ఇప్పుడే.

హన్మవ్వ


బోధన్
1964 డిసెంబర్ 20, ఆదివారం

అక్కకు నమస్కారాలు.

మబ్బు లేదు. తవ్వాను.

నీ ఉత్తరం బుధవారం అందింది. ఆదివారం దాకా ఆగలేదు. గురువారం పొద్దున్నే గడ్డపార సైకిల్‌కు కట్టుకుని పోయాను. ఏటేటా కాలువ పూడిక తీసి గట్టు మీద పోస్తారు, అది జారి అక్కడ మెత్తగా పేరుకుని ఉంది. మూరెడు తవ్వగానే చెవి వచ్చింది. చేటలా ఉంది, అంచు కొద్దిగా మడిచి ఉంది. తర్వాత నుదురు, తర్వాత తొండం. తొండం కొన విరిగింది.

మూడు కోతల కాలాలుగా దాని వీపుకే సైకిల్ ఆనించి, ఏనుగు ఎక్కడుందని దిక్కులు చూస్తూ రొట్టె తిన్నాను.

ఏనుగు నా నడుము దాకా వస్తుంది. పీఠం కిందే ఉంది, దాన్ని తవ్వలేదు. పీఠంతో కలిపితే నా భుజం దాకా రావచ్చు. నీవు మెడ వంచిన మాట అబద్ధం కాదు.

కోతలవాళ్ళు కత్తులు వదిలేసి వచ్చారు. రుక్మాబాయి చెవి మీద మట్టి కొంగుతో తుడిచి చెంపలు వేసుకుంది. "గణపతి బాప్పా, ఎన్ని కత్తులు నూరినం నీ ఈపు మీద! మాఫ్ కరో" అంది. తర్వాత నా వైపు తిరిగి ఇదంతా ఎందుకని అడిగింది. చెప్పాను. ఒడిబియ్యం అంటే ఆమెకు అర్థం కాలేదు. ఒడి చూపించి, బియ్యం చూపించాను. "ఓటీ!" అంది. వాళ్ళ దిక్కు కూడా ఆడబిడ్డకు పుట్టింట్లో ఓటీ నింపుతారట. నాకు పెండ్లి కాలేదు, పోయడానికి ఇంట్లో ఆడవాళ్ళు లేరు అన్నాను. "మేము ఏమన్న మొగోళ్ళమా? ఐదుగురం ఉన్నం. నీ అక్కకు ఎంతమంది వదినలు కావాలె?" అంది.

హన్మాండ్లు వచ్చి ఏనుగును చుట్టూ తిరిగి చూశాడు. "సాబ్, ఇది నా తూము పక్కకే ఉన్నది గద ఇన్నేండ్లు. నాకన్న చెప్పొద్దా?" అని ఏనుగును కోప్పడ్డాడు.

కనుక అక్కా, ఫిబ్రవరి 5 శుక్రవారం నాడు నీవూ బావా మన ఊరు నాగలూరు రావాలి. ఒడిబియ్యం పోస్తాము. బోధన్‌లో బస్సు దిగండి, నేను ఉంటాను. ఇది పిలుపు. ఈరవ్వకు చూపించవచ్చు.

లింబాద్రి


వేల్పూర్
1965 ఫిబ్రవరి 9

తమ్ముడికి దీవెనలు.

క్షేమంగా చేరాము. నీవు ఆ రోజు సంగతి నీ రోజువారీ రాతలో ఒక్క వాక్యం రాసి ఊరుకుంటావు. పైగా సగం నీవు చూడనే లేదు. బియ్యం పోసేటప్పుడు సైకిల్ పట్టుకుని కాలువ వైపు తిరిగి నిలబడ్డావు. ఎందుకు తిరిగావో అడగను. నీ వెనక జరిగింది నేను రాస్తాను, దాచుకో.

ముందు దారి. ఇన్నేండ్లు నీ ఉత్తరాల్లో "కాలువ గట్టు మీద పోయాను" అని చదివితే ఏదో అనుకునేదాన్ని. నీ సైకిల్ వెనక కూర్చుని పోతే తెలిసింది. ఒక పక్క నీళ్ళు మనతో పాటే వస్తున్నాయి, ఒక పక్క చెరుకు వెనక్కి పోతున్నది, నేను మాత్రం కూర్చునే ఉన్నాను. పెండ్లయిన నాటి నుంచి అంతసేపు పని లేకుండా కూర్చోలేదు. మీ బావ కుడుకల సంచి నెత్తిన పెట్టుకుని వెనక నడుస్తూ, "అక్కను ఎక్కిచ్చుకుంటివి, బావకు ఎడ్లబండన్న తేకపోతివి" అని అరుస్తున్నాడు. హన్మాండ్లు కర్ర అడ్డం పెట్టి, "గట్టు మీద డబల్ సవారీ బంద్" అన్నాడు. నీవు "మా అక్క" అన్నావు. అంతే అన్నావు. "పుట్టింటికొచ్చిందా? అట్లయితే పో పో" అని కర్ర తీశాడు. ఆ "మా అక్క" అన్న మాట నీ నోట పరాయి మనిషి ముందు నేను ఎప్పుడూ వినలేదు.

మీ బావ ఏనుగును చూసి, "ఇంతేనా? నువ్వు చెప్పింది ఇంటే దీని పొట్ట కింద నుంచి బండి పోతదనుకున్న" అన్నాడు. నేను తొండం పట్టుకున్నాను. చల్లగా ఉంది. అప్పుడూ చల్లగానే ఉండేది.

నన్ను మెట్ల బండ మీద కూర్చోబెట్టారు. రుక్మాబాయి, మిగతా నలుగురు కాలువలో చేతులు కడుక్కుని వచ్చారు. వాళ్ళ వేళ్ళ నిండా చెరుకాకు కోసిన గాట్లు. వాళ్ళు పిడికిళ్ళతో పోస్తుంటే బియ్యం ఆ గాట్లలో చిక్కుకునేవి, విదిలించి మళ్ళీ పోసేవాళ్ళు. కుడుకలతో పాటు ఒక చెరుకు గడ ముక్క కూడా పెట్టారు. అది మన దాంట్లో లేదు అంటే, "మా దాంట్ల గూడ లేదు. ఈ ఊరి దాంట్ల ఉన్నది" అంది రుక్మాబాయి. నా చెవిలో ఇంకో మాట చెప్పింది. "నీ తమ్ముడు ఈ మడి ముందు కొట్టుండ్రి, ఈ మడి ముందు కొట్టుండ్రి అని మా పానం తీసిండు. ఎందుకో అప్పుడు తెల్వలేదు" అంది. అది నీవు నాకు రాసిందే, అయినా ఇంకొకరి నోట వింటే వేరేగా ఉంది.

ఒడి నిండాక పుట్టింటి గడప దాటే ముందు కొన్ని బియ్యం వెనక్కి వదలాలి కదా. గడప లేదు. అందరూ నా వైపు చూశారు. నేను బండ మీది గుంటల్లో చిటికెడు చిటికెడు వేసుకుంటూ పోయాను. ఏడు నిండాయి, ఆరు నిండాయి. అప్పుడు నిన్ను పిలిచాను. నీవు సైకిల్ స్టాండ్ వేసి వచ్చి, నేను ఏమీ అనక ముందే అరచెయ్యి చాపావు. నేను పిడికెడు పోశాను. నీవు పిడికిలి మూశావు. అచ్చం అవ్వలాగే మూశావు. మూడేండ్లప్పుడు నీవు పక్కన పడుకుని చూసేవాడివో ఏమో.

ఆ బియ్యం ఏం చేశావు? అడగాలనుకుంటే బస్సు కదిలింది.

ఇక్కడ వండి అందరినీ పిలిచి పెట్టాను. ఈరవ్వ రెండోసారి వడ్డించుకుంది. "నిజంగ ఏనుగు ఉన్నదా బావా? ఎంత ఉన్నది?" అని మీ బావను అడిగింది. నేను నోరు తెరిచే లోపే ఆయన, "ముఖం సూడాలంటే మెడ ఇరుగుతది" అన్నాడు.

నీ అక్క
హన్మవ్వ


బోధన్
1965 ఫిబ్రవరి 14, ఆదివారం

అక్కకు నమస్కారాలు.

ఆకాశం తేటగా ఉంది. చలి తగ్గింది. ఇవాళ్టి పని ఇంకా కాలేదు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆ మడి రైతు నందిపేట్ దిక్కు నుంచి వచ్చి స్థిరపడ్డాయన, పోశన్న. వచ్చే నాటులో మెట్ల బండ చుట్టూ నాలుగు సాళ్ళు వదిలేస్తానన్నాడు. వదిలిన సాళ్ళ చెరుకు నష్టం కదా అంటే, "ఆడివిల్లల జాగల చెరుకు పెడితే తియ్యగుంటదా?" అన్నాడు. ఇప్పుడు కోతలవాళ్ళు కత్తులు వేరే రాతి మీద నూరుతున్నారు. కానీ అందరూ ఇంకా కత్తిగుండు అనే అంటున్నారు. హన్మాండ్లు ఒక్కడే నాగలూరు తూము అంటున్నాడు. గట్టు మీద ఎవరైనా కొత్తవాళ్ళు సైకిల్ మీద వస్తే ఆపి, ఏనుగును చూపించి, తర్వాతే వెళ్ళగొడుతున్నాడు.

కందకుర్తి గుడి ముందు కూర్చుని ఏమనుకున్నావని కిందటేడు అడిగావు. జవాబు రాయలేదు. నీళ్ళు ముంచినా, మళ్ళీ తేలేదాకా అది అక్కడే ఉంటుంది కదా అనుకున్నాను. ఇంకేమీ అనుకోలేదు.

ఆ రోజు కాలువ వైపు ఎందుకు తిరిగానో అడగనన్నావు. అడగకపోవడమే మంచిది.

బియ్యం సంగతి. రుమాలులో మూట కట్టి గూట్లో పెట్టాను. అది ఏం చేయాలో తెలియలేదు. ఒడిబియ్యం ఆడబిడ్డ అత్తింట్లో వండుతారు. పుట్టింట్లో వదిలినవి పుట్టింటివాళ్ళు ఏం చేస్తారో చూసిన జ్ఞాపకం లేదు. నిన్న రుక్మాబాయిని అడిగాను. "తినాలె భావూ, ఇంకేం చేస్తవు, సైకిల్‌కు పూస్తవా?" అంది. నేను రొట్టె చేసుకునే మనిషిని, ఈ గదిలో ఇప్పటిదాకా అన్నం వండలేదు. పిడికెడు బియ్యానికి ఎసరు ఎంత పెట్టాలో కూడా ఆమే చెప్పింది.

పొద్దున గిన్నె తోమి, నీళ్ళు పోసి, స్టవ్ వెలిగించి ఈ ఉత్తరానికి కూర్చున్నాను. మూట విప్పి పక్కన పెట్టుకున్నాను. పసుపు వాసన గదంతా ఉంది. ఒడిబియ్యం మళ్ళీ మూడో ఏడే పోయాలట కాబట్టి వచ్చే మాఘానికి కాదు, ఆ పై మాఘానికి పిలుస్తాను. అప్పటికి బావకు సైకిల్ తొక్కడం నేర్పుదామని ఉంది. ఎండాకాలం వచ్చి పది రోజులు ఉండమని చెప్పు. గట్టు మీద పడినా మెత్తటి మట్టే. దెబ్బలు

ఎసరు మరుగుతోంది. లేచి బియ్యం